తాతగారు కుట్టారో లేదో తెలియని పేగు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నన్ను డిప్యూటీ సివిల్ సర్జన్ హోదాలో తిరువూరు ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. జిల్లా ఆసుపత్రిలో ఆ హోదాకు పైన ఇంకా చాలామంది ఉంటారు. తిరువూరులో మాత్రం కడుపు కోయాలా వద్దా అన్నది నేనే తేల్చాలి.

ఊరు నాకు కొత్త కాదు. మా నాన్నగారి తండ్రి అక్కడే డాక్టరుగా ప్రాక్టీసు చేశారు; నేను ఆయన మనవరాలినని చుట్టుపక్కల అందరికీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున సైనిక ఆసుపత్రిలో సర్జన్‌గా పనిచేసి వచ్చిన మనిషి. తిరిగొచ్చాక సూదిమందులు, మిక్శ్చర్లు, పురుళ్లు, అంతే. కురుపు కోయాల్సి వచ్చినా బెజవాడ పంపేసేవారు. యుద్ధం తర్వాత ఆయన కత్తి ముట్టలేదని మా ఇంట్లో అందరూ చెప్పేవారు. ఎందుకని అడిగితే మాత్రం మాట కలిసేది కాదు. చేతులు వణికేవని నానమ్మ, ఒట్టు పెట్టుకున్నారని నాన్న.

నేను చేరిన ఏడాదే ఒక ఉదయం విస్సన్నపేట వైపు నుంచి రాహేలమ్మ అనే పెద్దావిడను ఆటోలో తీసుకొచ్చారు. కూలిపనులు చేసి బతికిన మనిషి. వెంట ఆమె చెల్లెలు మార్తమ్మ ఉంది. కడుపు ఉబ్బింది, వాంతులు ఆగడం లేదు, గాలి కూడా పోవడం లేదు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో పేగుల్లో నీళ్లు మెట్లుమెట్లుగా నిలిచి కనిపించాయి. పేగు ఎక్కడో మూసుకుపోయిందన్నమాట. బొడ్డు పక్కగా పైనుంచి కిందికి వెడల్పాటి పాత మచ్చ ఉంది. ఒకసారి కోసిన కడుపులో పేగులు అతుక్కుని, ఏళ్ల తర్వాత బిగుసుకోవడం మేము తరచూ చూసేదే. వెంటనే కోయం. ముక్కులోంచి గొట్టం వేసి లోపలిది లాగేస్తూ, సెలైన్ ఎక్కిస్తూ, నాడి చూస్తూ ఆగుతాం. ఆలోపు పాత ఆపరేషన్‌లో ఏం చేశారో తెలుసుకోవాలి.

ఎవరు చేశారని అడిగాను.

“మీ తాతగారేనమ్మా. ఇంకెవరు చేస్తారు?” అంది రాహేలమ్మ.

పెద్ద వయసు, నొప్పి, పొరబడుతోందనుకున్నాను. కానీ ఆమె వివరంగానే చెప్పింది. పెళ్లయిన కొత్తలో ఎద్దు కుమ్మి పేగులు బయటికొచ్చాయి. వానలకు వాగులు పొంగి బెజవాడ బస్సులు ఆగిపోయాయి. తడిగుడ్డ కప్పి, మంచంమీద ఆయన ఇంటికి మోసుకొచ్చారు. ఆయన ఆమెను చూసి లోపలికి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదట.

మార్తమ్మ మధ్యలో అందుకుంది. “అక్కకేం తెలుసండీ, మత్తులో ఉంటేను. నేను గుమ్మంలోనే ఉన్నా. డాక్టరుగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఇట్టా కొయ్యి, అక్కడ పట్టుకో అని చెప్తా ఉన్నారు. కత్తి కాంపౌండరు చేతిలో ఉంది. ఆయన కూడా మిలిట్రీ నుంచి వచ్చినోడేలెండి.”

చివరిదాకా చూశావా అని అడిగాను. లేదట. రక్తం చూసి కళ్లు తిరిగితే బయట కూర్చోబెట్టారట.

తాతగారూ, ఆ కాంపౌండరూ ఎప్పుడో పోయారు. ఏది నమ్మాలో తెలియక మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆవిడ తిరువూరులోనే హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. “మా నాన్నా? ఇంట్లో కడుపు కోశారా? ఎవరో చెప్తే ఎలా నమ్మావే? గోళ్లు కూడా మా అమ్మ చేత తీయించుకునేవారు” అని కోప్పడ్డారు.

మధ్యాహ్నానికి పరిస్థితి మారింది. వచ్చిపోతున్న నొప్పి ఇక తెరిపి లేకుండా పట్టుకుంది. నాడి పెరిగింది, చెయ్యి వేస్తే కడుపు గట్టిగా తగిలింది. పేగుకు రక్తం అందడం లేదన్న గుర్తులు ఇవి. విజయవాడ పంపితే దారిలో పేగు కుళ్లవచ్చు. ఇక్కడ కోస్తే లోపల ఏముందో నాకు తెలియదు. అదృష్టవశాత్తు ఆ రోజు మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉన్నారు. రెండు దారులూ అక్కాచెల్లెళ్లకు చెప్పాను.

“పంపబాకమ్మా. దార్లో ఏమన్నా అయితే ఎవురిని అడగాలి? ఇక్కడే కొయ్యి” అంది రాహేలమ్మ.

పాత మచ్చ కింద పేగు అతుక్కుని ఉంటుంది కనుక దానికి పైన, కత్తి పడని చోట మొదలుపెట్టాను. లోపల తాడులాంటి పొర ఒకటి పేగును బిగించి ఉంది. కత్తిరించాను. పేగు నల్లబడి ఉంది. వేడి నీళ్లలో పిండిన గుడ్డలు చుట్టి ఆగాం. మెల్లగా ఎరుపు తిరిగింది.

అప్పుడు కనిపించింది పాత అతుకు. కొంత పేగు కోసి తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. నూలుదారపు ముడులు ఇంకా ఉన్నాయి, చిన్నవి, ఒకే ఎడంలో. నేర్చిన చెయ్యి. కడుపు గోడ కుట్లు మాత్రం మోటుగా, ఒకటి దగ్గర, ఒకటి దూరం. కోసింది కాంపౌండరు, పేగు దగ్గరికొచ్చేసరికి తాతగారు అందుకున్నారు అనుకున్నాను. మరుక్షణమే అనుమానం వచ్చింది. కొమ్ము దిగిన గాయం చీముపడితే ఎవరు కుట్టినా మోటుగానే మానుతుంది. మిలిట్రీ ఆసుపత్రిలో ఏళ్లతరబడి సర్జన్ పక్కన నిలబడిన కాంపౌండరుకు పేగు కుట్టడం వచ్చి ఉండకూడదా? ఆ అతుకు వైపు ఎంతసేపు చూశానో, మత్తు డాక్టరు “ఏమైనా సమస్యా మేడమ్?” అని అడిగారు. ఏమీ లేదని కడుపు మూశాను.

రాహేలమ్మ కోలుకుని, కుట్లు విప్పించుకుని ఇంటికి వెళ్లింది. నేను అత్తయ్య ఇంటికి వెళ్లి, చూసిందంతా చెప్పాను. ఈసారి ఆవిడ కోప్పడలేదు. ఇలా అన్నారు:

“ఒక వానాకాలం నాన్న చాన్నాళ్లు చెంచాతో తిన్నారే. అమ్మ కలిపి ఇచ్చేది. ఎందుకని అడిగితే చెయ్యి వాసనొస్తోందనేవారు. మేం వాసన చూస్తే ఏమీ ఉండేది కాదు. అది ఆ ఏడాదేనా అంటే చెప్పలేను. నువ్వు అడిగావు కాబట్టి నేను కలుపుతున్నానేమో కూడా.”

నేను రిటైరై కొన్నేళ్లయింది. ఆ కత్తి ఎవరి చేతిలో ఉందో నాకిప్పటికీ తెలియదు. ఆ అతుకు గుర్తొస్తే ఆయనే అనిపిస్తుంది. గుమ్మంలో నిలబడి చూసిన మార్తమ్మ అబద్ధమాడే మనిషి కాదనీ అనిపిస్తుంది. ముట్టుకుని ఉంటే ఎందుకు దాచారో, ముట్టకపోతే ఆ చేతికి వాసన ఎక్కడిదో అర్థం కాదు.

ఉద్యోగానికి సంబంధించినంతవరకు ఒక మార్పు వచ్చింది. రోగి పూర్వచరిత్ర రాసేటప్పుడు జూనియర్లు నలుగురి మాటలూ కలిపి ఒకే కథగా రాస్తారు. అంతకుముందు నేనూ అంతే. ఆ తర్వాత అలా రాయనివ్వలేదు. ఎవరు చెప్పారు, కళ్లతో చూశారా, విన్నారా అన్నది వేరువేరుగా రాయమనేదాన్ని. మాటలు పొసగకపోతే పొసగనట్టే ఉంచమనేదాన్ని.