హసీనమ్మ ఎంచుకున్న ఫోటో

2023 వానాకాలంలో నేను వనపర్తిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తూ, శనివారాలు చుట్టుపక్కల ఊళ్లలో కదల్లేని పేషెంట్ల ఇళ్లకు వెళ్లేదాన్ని. మా పనంటే నత్తి ఉన్న పిల్లలకు మాటలు దిద్దడమే అనుకుంటారు చాలామంది. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లూ మా దగ్గరికి వస్తారు. మెదడులో మాటలు కూర్చే చోట దెబ్బ తగిలితే మనసులో ఉన్నది నోటికి రాదు. దాన్ని అఫేజియా అంటాం. అది మతి పోవడం కాదు. పరీక్ష రాసేటప్పుడు ఈ తేడా నేను బాగానే రాశాను. పనిలో మాత్రం తప్పాను.

హసీనమ్మ ఆత్మకూరులో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. మాటల్లో ఒక్కటే మిగిలింది, "గదే" అని. భర్త ఖాజా భాయ్ ఆటో నడుపుతాడు. కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. ఆమెను చూసుకునేది కోడలు నస్రీన్.

"ఏమడిగినా గదే అంటది మేడం. చాయ్ కావాల్నా అంటే గదే. తెచ్చిస్తే నూకేస్తది. మాకేం సమజ్ అయితలేదు" అంది నస్రీన్ మొదటి రోజే.

ఇలాంటివాళ్లకు మేం కమ్యూనికేషన్ బోర్డు ఇస్తాం. నోటితో అడగలేనిదాన్ని వేలితో చూపించడానికి బొమ్మలున్న అట్ట అది. నా దగ్గరున్నది ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసింది. అందులో బ్రెడ్డు, గాజుగ్లాసు, కుర్చీలాంటి కమోడ్ ఉన్నాయి. రెండు వారాలు చూపించాను. ఆమె ఒక్కదాని మీదా వేలు పెట్టలేదు. నా ఫైల్లో "గ్రహింపు తక్కువ" అని రాసుకున్నాను.

ఆ రెండో శనివారమే నస్రీన్ బోర్డు తిప్పి చూసి, "గీ బొమ్మలు నాకే తెల్వకపాయె మేడం, అమ్మీకి ఎట్ల తెలుస్తయి?" అంది.

ఆ మాట బస్సులో వనపర్తి దాకా నన్ను వదల్లేదు. మా అమ్మాయి పుట్టినరోజుకు కొన్న చిన్న ఫోటో ప్రింటర్ ఇంట్లో ఉంది. మరుసటి శనివారం దాన్ని సంచిలో వేసుకుని వెళ్లాను.

ఆ ప్రింటర్‌కు కంప్యూటర్ అక్కర్లేదు. దానికి సొంత వైఫై ఉంటుంది. ఫోన్‌లో దాని యాప్ ఎక్కించి, ఆ వైఫైకి కలిపి, ఫోటో ఎంచుకుని ప్రింట్ నొక్కితే చాలు. గ్లాసు, మంచం, మాత్రల డబ్బా, బాత్రూం తలుపు, ఇంట్లో మనుషులు, ఇలా నస్రీన్ తన ఫోన్‌తో ఫోటోలు తీసింది. ప్రింటర్ మొదట్లో సతాయించింది. ప్రింటర్ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కనుక ఫోన్ దాన్ని వదిలేసి మళ్లీ మళ్లీ మొబైల్ డేటాకు పోయింది. డేటా ఆపేశాక నిలబడింది.

పోస్టుకార్డంత కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరిగింది. ముందు పసుపు, తర్వాత ఎరుపు, ఆ తర్వాత నీలం, ఆఖరున తడి అంటకుండా సన్నటి పూత. హసీనమ్మ దిండుకు ఆనుకుని కళ్లార్పకుండా చూసింది. కాగితం రెండోసారి బయటికి రాగానే తన స్టీలు గ్లాసును గుర్తుపట్టి "గదే" అని చెయ్యి చాపింది. నీళ్లిస్తే గటగటా తాగింది. నస్రీన్ నవ్వుతూ ఏడ్చేసింది.

హసీనమ్మ అంతటితో ఆగలేదు. కోడలి కొంగు పట్టుకుని వెనక గది వైపు చూపిస్తూ "గదే, గదే" అని గొడవ పెట్టింది.

"కుట్టుమిషన్ అడుగుతదేమో" అంది నస్రీన్ మెల్లగా. "దాన్ని జూసి ఏడుస్తదని మామ లోపల పెట్టించిండు."

గుమ్మంలో నిలబడ్డ ఖాజా భాయ్ గొంతు తగ్గించి, "దాని ఫోటో వద్దు మేడం. ఇగ ఆమెతోని కుట్టుడు అయితదా? బుధవారం ఒకాయన వచ్చి కొంటపోతడు. జూపిచ్చి పరేషాన్ చేసుడెందుకు?" అన్నాడు.

ఆయనది చెడ్డ మనసు కాదు. భార్య ఏడుపు చూడలేకపోతున్నాడు, అంతే. నేనూ తటపటాయించాను. కానీ ఆమె అడుగుతున్నది నాకు కనిపిస్తోంది. మిషన్ ఫోటో తీయించి ప్రింట్ చేశాను.

చూడగానే ఏడ్చింది. కానీ ఫోటో వదల్లేదు. ఎడమచేత్తో మంచం మీది ఫోటోలన్నీ కదిపి, నస్రీన్ ఫోటోను పక్కకు లాగింది. మిషన్ ఫోటో దాని మీద పెట్టి అరచేత్తో అదిమింది.

"నస్రీన్‌కు ఇయ్యమంటున్నవా?" అన్నాడు ఖాజా భాయ్.

"గదే."

ఆమె అన్నిటికీ అదే అంటుంది కాబట్టి మేం తిరగేసి కూడా అడగాలి. "అమ్మెయ్యాల్నా అమ్మా?" అన్నాను. తల అడ్డంగా ఊపి నా చెయ్యి తోసేసింది. "నస్రీన్ కుట్టాల్నా?" అంటే కోడలి మణికట్టు పట్టుకుంది.

"నాకు కుట్టుడు రాదు అమ్మీ" అంది నస్రీన్.

హసీనమ్మ రెండు వేళ్లను కత్తెరలా ఆడించింది. తర్వాత వేలితో తన కళ్లు చూపించి, కోడలి చేతులు చూపించింది. నేను చూస్తుంట, నువ్వు కుట్టు. అర్థం చెప్పాల్సిన పని ఎవరికీ లేకపోయింది. ఖాజా భాయ్ మంచం దగ్గరికి వచ్చి, "నన్ను జర మాఫ్ చెయ్యి" అని ఆమెతోనే అన్నాడు. ఆ సాయంత్రం మిషన్‌ను ముందు గదిలోకి తెచ్చి మంచం పక్కన పెట్టాడు. బుధవారం రావలసినాయనకు రావొద్దని ఫోన్ చేశాడు.

నెలన్నర తర్వాత వెళ్లేసరికి నస్రీన్ జాకెట్ చేతులు అతుకుతోంది. కుట్టు వంకర పోయినప్పుడల్లా హసీనమ్మ మిషన్ బల్ల మీద తడుతోంది. నేనుండగానే ఒకసారి కోపంగా "ఇప్పు!" అంది. వేసిన కుట్టు విప్పమని. నేను నేర్పని మాట అది. తర్వాత "దారం", "కత్తెర" అనే మాటలు వచ్చాయి. ఇంకో పదీ పదిహేను మాటలు వచ్చి ఆగాయి. మునుపటిలా ఆమె మళ్లీ మాట్లాడలేదు. నస్రీన్ మొదట కుట్టిన జాకెట్లు చంకల్లో బిగుసుకునేవి. ఇప్పుడు ఆ వీధి వాళ్లు కుట్టడానికి ఆమెకే ఇస్తున్నారు.

ఫైల్లో "గ్రహింపు తక్కువ" అన్నది కొట్టేశాను. పక్కన నా సంతకం పెట్టాను, తప్పు నాదే కనుక. బొమ్మలు పరాయివన్నది నా పొరపాటులో సగమే. ఆకలి, దాహం, మాత్రలు, బాత్రూం, వీటికే కార్డులు పట్టుకెళ్లాను. మంచాన పడ్డ మనిషికి ఇంటి సంగతుల్లో చెప్పేది ఉంటుందని నాకు తట్టలేదు.

అప్పటినుంచి ఏ కొత్త ఇంటికి వెళ్లినా, ప్రింటర్ బయటికి తీసేముందు ఇంట్లోవాళ్లను ఒకటి అడుగుతాను. "ఈ మనిషికి మాట పోయినప్పటినుంచి, అడక్కుండా మీరు ఏమేం నిర్ణయించారు?" వాళ్లు ఒక్కొక్కటే చెప్తారు. వాటి గురించి ఆ మనిషే చెప్పేలా, ముందుగా వాటికే ఫోటోలు తీయిస్తాను.