బండ అడుగున పాదాలు

గోరంత దొరికితే కొండంత చేసి చెప్పే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. దానికి నందిగామలో మందు లేదని, బెజవాడలో కూడా దొరకదని మా ఆవిడ ఏనాడో తేల్చేసింది. నా కోతల వల్ల ఎవరికీ నష్టం లేదనుకుంటూ చాలా ఏళ్లు హాయిగా బతికాను. ఆ తర్వాత ఒక రాయికి నష్టం జరిగింది.

ఎనభైల మొదట్లో జగ్గయ్యపేట దగ్గర ఒక పల్లె హైస్కూల్లో నేను సోషల్ మాస్టారిని. రోజూ నందిగామ నుంచి బస్సులో వెళ్లేవాణ్ణి. ఆ ఏడాది పట్నంలోని మ్యూజియం ఒకటి మాలాంటి టీచర్లను పిలిచి మూడు రోజులు శిక్షణ ఇచ్చింది. మ్యూజియానికి రాలేని పిల్లల దగ్గరికి మ్యూజియాన్నే పంపాలని వాళ్ల ఆలోచన. స్కూలుకొక ట్రంకుపెట్టె ఇచ్చారు. అందులో పాత శిల్పాలకు ప్లాస్టర్ నమూనాలు, ఫొటోలు, కాగితాల కట్ట, బొగ్గు ముక్కలు ఉన్నాయి. పెట్టె బరువు చూడి గేదె బరువంత. టాపు మీదికి ఎక్కించాక బస్సు నందిగామ దాకా ఒక పక్కకు ఒరిగే నడిచింది.

మొదటి పాఠం నన్నే తయారు చెయ్యమన్నారు. రెండు వారాల్లో వచ్చి చూస్తానని, కుదిరితే అదే పాఠం మిగతా బళ్లకూ పంపుతానని మ్యూజియం అధికారి చెప్పాడు.

మా వైపు ఎక్కడ గునపం దించినా సున్నపురాయే తగులుతుంది. వెనకటి బౌద్ధ స్తూపాలకు వాడింది కూడా ఆ రాయే. స్తూపాలు కూలాక వాటి పలకలను జనం ఇళ్లకు మోసుకెళ్లి గడప ముందో, బావి దగ్గరో వేసుకున్నారు. నునుపు వైపు పైకి, బొమ్మ వైపు నేలకి. అందుకే పిల్లలకు ఒక పని పెట్టాను. ఇంట్లో పాత బండలు లేపి అడుగు చూడాలి. బొమ్మ కనిపిస్తే కాగితం పరిచి బొగ్గుతో రుద్ది, ఆ అచ్చు తేవాలి.

ఏడో తరగతి పిల్ల ఒకతి మర్నాడే తెచ్చింది. మోచేతుల దాకా మసి. కాగితం మీద రెండు పాదాలు, ఒక్కో అరికాలి మధ్య ఒక్కో చక్రం.

"మా బట్టలుతికే బండండి. నేనూ నాయనమ్మా గడ్డపారేసి లేపాం. ఇన్నేళ్లూ దేవుడి కాళ్ల మీద మీ తాత పంచెలు బాదానా అని ఒకటే దణ్ణాలు పెడతందండి."

మ్యూజియం ఆయన వచ్చినప్పుడు బండను తనే చూపిస్తానని, ఇంకెవరూ చూపించకూడదని ఆ పిల్ల నా దగ్గర మాట తీసుకుంది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆ కాగితం ఎత్తి పట్టుకుని క్లాసుకు చెప్పాను: "ఈ సంగతి తెలిస్తే ఢిల్లీ నుంచి జీపులొస్తాయిరా. ఒకటి కాదు, నలభై. వీళ్లిల్లు పునాదులతో సహా లేపి బావి లోతున తవ్వుతారు. మీ ముత్తాత ఈ బండ ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చాడో చెప్పమని వీళ్ల నాన్నని కూర్చోబెట్టి అడుగుతారు."

నేను తుమ్మినా నవ్వే పిల్లలు వాళ్లు. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు.

మర్నాడు ఒక్క అచ్చు కూడా రాలేదు. ఎవర్ని అడిగినా ఒకటే జవాబు, మా ఇంట్లో బండ లేదండి అని. సాయంత్రం బస్సుకు నడుస్తూ చూశాను. గడపల ముందు నిన్నటిదాకా ఉన్న పలకలు లేవు. వాటి చోట పలక ఆకారంలో పచ్చి మట్టి. రోజూ పలకరించే ఆడవాళ్లు నన్ను చూసి తలుపులు దగ్గరకు వేసుకున్నారు. ఊరి చివర సున్నపు బట్టీ మీద పొగ నల్లగా, లావుగా లేచింది. మూడు రోజులైనా అది తగ్గలేదు.

నాలుగో రోజు ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. వాళ్ల నాన్న మంచం వాల్చి మజ్జిగ ఇచ్చాడు. బావి పక్కన మనిషి పొడుగు గుంట. అందులో తడి ఇంకా ఆరలేదు, వానపాములు మెలికలు తిరుగుతున్నాయి.

"ఏ బండండి మాస్టారూ? మేం బట్టలు ఏట్లో ఉతుక్కుంటాం."

జీపులు రావని, వచ్చేది గొడుగేసుకున్న ఒక్క మనిషని, అదీ బస్సులోనని చెప్పాను. జీపుల మాట హాస్యానికి అన్నానన్నాను.

"ఇల్లు తవ్వడంలో హాస్యమేముందండి?" అన్నాడాయన, చాలా మర్యాదగా.

పిల్ల కనిపించలేదు.

అధికారులు వస్తున్నారంటే బడికి వెల్ల వేయించడం మా వైపు రివాజు. సున్నం ఎవరైనా ఇస్తారా అని హెడ్మాస్టరు ఊళ్లో అడిగించారు. అడిగిన రోజే ఆ పిల్ల తండ్రి రెండు గంపలు తనే మోసుకొచ్చి, ఇది నా వంతని దించి వెళ్లాడు. డ్రమ్ములో పోసి నీళ్లు వదిలితే సున్నం కుతకుత ఉడికింది. ఆ పిల్ల డ్రమ్ము పక్కనే నిలబడింది. క్లాసుకు పొమ్మన్నాను. కదల్లేదు. ఉడుకు ఆగేదాకా చూసి, అప్పుడు వెళ్లింది.

అధికారి గొడుగుతో వచ్చాడు. ఇంత తెల్లటి బడి తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నాడు. గోడకు అంటించిన అచ్చు ముందు చాలాసేపు నిలబడి, ఎవరు తీశారని అడిగాడు. పిల్ల ముందుకొచ్చింది.

"రాయి ఎక్కడుందమ్మా?"

ఆ పిల్ల నావైపు ఒక్కసారి చూసింది. తర్వాత కాగితం పక్కన, గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడే ఉందండి."

అచ్చు సంగతి చెబుతోందనుకుని ఆయన నవ్వాడు. సందర్శకుల పుస్తకంలో, స్థానిక శిల్పాన్ని బడిలో భద్రంగా ఉంచారని రాశాడు. నేను పక్కనే ఉన్నాను. నలభై జీపులు తోలినవాణ్ణి, సిరా ఆరేదాకా ఆగి పుస్తకం మూసి హెడ్మాస్టరుకు ఇచ్చాను. పాఠం మాత్రం మిగతా బళ్లకు వెళ్లింది.

బడి గోడకు ఎప్పుడు ఆనుకున్నానో, ఇంటికొచ్చేసరికి నా చొక్కా వీపంతా తెలుపు. మా ఆవిడ విసుక్కుంటూ దాన్ని పెరట్లోకి పట్టుకెళ్లి బండకేసి బాదడం మొదలుపెట్టింది. ఆ బండను ఎప్పుడైనా తిరగేసి చూశావా అని అడగబోయి, నోరు మూసుకున్నాను.