బాపు దాచిన జ్వరం

కీమో ఎక్కించాక పది రోజులు గండం, ఏ చిన్న ఇన్ఫెక్షన్ సోకినా ప్రాణం మీదికొస్తుంది. జ్వరం నూరు దాటితే గోలీ వేయొద్దని, వెంటనే దవాఖానకు తీసుకురమ్మని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆ మాట క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకుని, పొద్దునా సాయంత్రం బాపుకు థర్మామీటర్ పెట్టేదాన్ని. అమ్మ పోయాక శంషాబాద్ ఇంట్లో మేమిద్దరమే. ఎయిర్‌పోర్టులో ఉద్యోగానికి సెలవు పెట్టాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ నెలల్లో అది నెత్తికెక్కి కూర్చుంది. మాస్కు తీస్తే అరుపు, అన్నం వదిలేస్తే అరుపు. చూడ్డానికొచ్చిన మేనత్తను గేటు దగ్గరి నుంచే పంపించేశాను. ఆమె తెచ్చిన జొన్న రొట్టెలు మాత్రం తీసుకున్నాను.

ఏడో రోజు పొద్దున థర్మామీటర్ తొంభై ఎనిమిది చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ చాయ్ గ్లాసు పట్టుకున్న బాపు చెయ్యి వణుకుతోంది, బనీను చెమటకు ఒంటికి అంటుకుపోయింది. గలీబు మారుద్దామని దిండు ఎత్తితే కింద జ్వరం గోలీల పట్టీ. నాలుగు గోలీలు లేవు.

“ఇదేంది బాపూ?”

“తలకాయ నొస్తే ఏసుకున్న.”

“జరమొచ్చిందా, లేదా?”

బాపు గ్లాసులోకి చూశాడు. “నిన్న పొద్దుమీకి, నువ్వు థర్మామీటర్ పెట్టి పోయినంక, జర ఒళ్లు కాలింది.”

పది నిమిషాల్లో కారులో ఉన్నాం. ఆరాంఘర్ చౌరస్తా దగ్గర బండ్లన్నీ నిలిచిపోయాయి. హారన్ మీద చెయ్యి తీయకుండా అరిచాను. “ఎన్నిసార్లు చెప్పిన నీకు? ఒక్క మాట చెప్తే ఏం పోతుండె?”

బాపు అద్దానికి తల ఆనించి ఉన్నాడు. పళ్లు టకటకలాడుతున్నాయి.

“జరమంటే నువ్వు లొల్లి పెడ్తవ్. ఇగ బాత్రూంల నల్లా ఇడిసి ఏడుస్తవ్. నాకు ఇనవడ్తది బిడ్డా. రోజూ గట్లనే. ఒక్కరోజన్న ఏడ్వకుంట ఉంటవనుకున్న.”

నల్లా నీళ్ల చప్పుడులో వినబడదనుకున్నాను. హారన్ మీది నుంచి చెయ్యి తీశాను. ఒళ్లు కాలిపోతున్న మనిషి నా ఏడుపు గురించి ఆలోచించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గు కంటే ఎక్కువ భయమేసింది, అప్పటికే ఒక రాత్రంతా పోయింది.

ఆ జ్వరం దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది. నన్ను వదలనివి మాత్రం దవాఖానలో అడుగుపెట్టిన మొదటి నిమిషాలే.

“జ్వరం ఎప్పటి నుంచి?” నర్సు అడిగింది.

“ఇయ్యాల పొద్దుగాల నుంచి,” అన్నాడు బాపు, నా వైపు చూడకుండా. అంత వణుకులోనూ నా మీదికి మాట రాకుండా కాపాడుతున్నాడు.

“కాదు, నిన్న పొద్దుమీకి నుంచి,” అన్నాను. “నాలుగు గోలీలు ఏసుకున్నడు. నాకు చెప్పనీకి భయపడ్డడు.”

ఆ మాట బయటికి అనేసరికి బాపు కళ్లెదుటే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.