ఎమ్మిగనూరు బస్సులో చెట్ల పేర్లు

గురువారం ఉదయం 9.10కి ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. నేత దుప్పట్లు రెండు కొనాలని ప్రయాణం. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు, వెళ్ళేవారు గుర్తుపెట్టుకోండి.

నా పక్కన షబానా అనే డిగ్రీ అమ్మాయి కళ్ళు మూసుకుని చెట్ల శాస్త్రీయ నామాలు వల్లిస్తోంది. ముందు సీట్లో వాళ్ళ దాదా, అంటే తాత, మూలికల అంగడాయన. నేను వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఊరుకోలేక, "చింతకు ఏం పేరమ్మా?" అన్నాను. ఆ పిల్ల మొదటి పేరు నుంచి ఎక్కం చదివినట్టు ఎత్తుకుని, పదకొండోదానికి చింతను చేరింది.

"పోయినసారి ప్రాక్టికల్సులో గూడా ఇట్లే సేసి ఫెయిలయినాది," అన్నాడు దాదా. "ఈపొద్దు ఎమ్మిగనూరులో మళ్ళా పరీచ్చ. ఇది గూడా పోతే సదువు మాన్పిస్తానన్నాడు వాళ్ళ అబ్బా, నా కొడుకు."

ముప్పై ఒక్క ఏళ్ళు నేనూ అలా వరుసగానే వల్లె వేయించాను.

"వేప ఒక్కటే చెప్పు," అన్నాను.

"అజాడిరాక్టా ఇండికా."

దాదా వెనక్కి తిరిగాడు. "ఆజాద్ దరఖ్త్! అది ఫార్సీ గదమ్మా. దరఖ్త్ అంటే చెట్టు. ఆజాద్ అంటే ఎవురికీ తల వంచనిది."

"మరి టామరిండస్ ఇండికా, దాదా?" అంది షబానా.

"తమర్-ఉల్-హింద్. హిందూస్థాన్ ఖర్జూరం. చింతపండుకు అరబ్బులు పెట్టిన పేరు."

"ఇండికా అన్నా ఇండియాదనే," అన్నాను.

"ఒగసారి సెప్తే నమ్మరనా, రెండుసార్లు సెప్పినారు?"

షబానా పకపకా నవ్వింది. నీలిమందు మొక్క పేరులో టింక్టోరియా అంటే రంగులద్దేదని నేను చెప్పాను. 10.15కి దిగేసరికి ఏ పేరు ఎక్కణ్ణుంచి అడిగినా చెబుతోంది.

దుప్పట్లు మంచివి దొరికాయి. హోటల్లో జొన్నరొట్టె, వంకాయ కూర తిని 3.40 బస్సెక్కాను. వాళ్ళిద్దరూ పరుగున వచ్చారు.

"చింతే ఇచ్చినారు టీచరమ్మా! మొదట్నుంచి ఎత్తుకోబోయి ఆగినాను. ఖర్జూరం కథ సెప్పినాను. సారు నవ్వి, పాసేలే పో అన్నారు."

దాదా అప్పటికే కొడుక్కు ఫోన్ చేశాడు. "పాసయింది. సదువు మాట ఇంక ఎత్తొద్దు. ఆఁ, సదివిస్తావా? నువ్వే సెప్పు దానికి," అని ఫోన్ మనవరాలికిచ్చాడు. ఆమె "అబ్బా" అని, కిటికీ వైపు తిరిగి వింటూ తలూపింది.

4.45కి ఆదోనిలో దిగి ఆ పెద్దాయనకు రెండు చేతులూ జోడించాను. నా క్లాసుకు ఆయన ముందే వచ్చి ఉంటే ఎంతమంది పిల్లలు బాగుపడేవారో!