లిఫ్టెక్కిన ఎలుక

ఎలుకల మేస్త్రి షట్టరు మీద కళ్ళద్దాలు పెట్టుకున్న ఎలుక బొమ్మ వేసింది ఎదురు షాపు కుర్రాడే. ఆ సంగతి ఎవరికీ తెలియదనే కొన్నాళ్ళు అనుకున్నాడు.

అప్పట్లో కార్లకి ఇంకా తాళాలుండేవి. తాళం తిప్పితే బండి లేచేది, లేవకపోతే ఆ వీధి చివరికి తోసుకొచ్చేవారు. అక్కడ కార్ల కరెంటు పని చేసే మేస్త్రికి ప్రపంచంలో ఒక్కటే రోగం తెలుసు. ఎలుక. హారన్ మోగకపోతే ఎలుక. మోగిన హారన్ ఆగకపోతే అదీ ఎలుకే. డాష్‌బోర్డు కింద తలపెట్టి, కాళ్ళు బయటికి చాపి, పది నిమిషాలు గొణుక్కుని, "దొరికింది! ఎలుక కొరికింది!" అని కేకపెట్టేవాడు.

"నిన్ననే షోరూంలోంచి తెచ్చానండీ!" అని ఒకాయన లబోదిబోమన్నాడు.

"మరి షోరూంలో ఎలుకలకి ఏం కొదవండీ? కూర్చోడానికి అన్ని కార్లు!"

రుజువు కూడా చూపించేవాడు. కొరికిన తీగముక్క ఒకటి అరచేతిలో పెట్టి, పంటిగాట్లు వేలితో లెక్కపెట్టించేవాడు. బండివాళ్ళు అయ్యో అనుకుంటూ ఇళ్ళకెళ్ళి బోన్లు కొనుక్కునేవారు. బోన్లమ్మే కొట్టువాడు ఎదురుపడితే మేస్త్రికి లేచి నిలబడి నమస్కారం పెట్టేవాడు.

అందరూ తీగ తోలు వలవడానికి కత్తెర వాడితే మేస్త్రి పళ్ళు వాడేవాడు. గుబురు మీసం కింద ఆ ముందుపళ్ళు రెండూ, పనిముట్ల పెట్టెలో ఉండవలసినవి పొరపాటున నోట్లోకి వచ్చినట్టుండేవి. ఎలుకల మేస్త్రి అన్న పేరు ఎలుకల వల్ల వచ్చిందో పళ్ళ వల్ల వచ్చిందో వీధిలో ఎప్పుడూ తేలలేదు.

బొమ్మ వేసిన ఆ కుర్రాడికి మాత్రం మేస్త్రిని చూస్తే ఒళ్ళు మండేది. ఎదురుగా ఉన్న కార్ల సామాన్ల షాపులో అతను రిమోట్ స్టార్టర్లు బిగించేవాడు. ఇంట్లో కూర్చునే బటన్ నొక్కితే వీధిలో కారు స్టార్టయిపోయే యంత్రం అది. వీధంతా అతన్ని రిమోటు అనే పిలిచేది. ఇరవై రెండేళ్ళు. చదువు మధ్యలో ఆగిపోయింది గాని చదవడం ఆగలేదు. పాత పుస్తకాల బండి మీద అట్టలు లేని ఎలక్ట్రికల్ పుస్తకాలు కొని, మూడు బస్టాపులు నిలబడి చదువుకుంటూ వచ్చేవాడు. ఇన్ని పుస్తకాలు చదివిన తనని అందరూ "ఒరేయ్" అంటారు, ఎలుక అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ రాని మనిషిని "గారు" అంటారు. ఆ కచ్చతో ఒకరోజు షాపులో నల్ల పెయింటు డబ్బా తీసి, తెల్లారకముందే వచ్చి, ఆ షట్టరు మీద బొమ్మ వేశాడు. ఊరుకోక కింద రాశాడు కూడా: 'ఇచ్చట డాక్టరు గారే ఎలుక'.

వీధి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మేస్త్రి వచ్చాడు, కళ్ళద్దాలు సవరించుకున్నాడు, తల వంచి చూశాడు.

"తోక పొట్టిగా వేశారు," అన్నాడు. అంతే.

నెల తిరక్కుండా అతని నెత్తిమీద పిడుగు పడింది. అతను రిమోట్ బిగించిన కారొకటి వెనక్కి వచ్చింది. అది షాపు యజమాని బావగారి కారు. బావగారు రిటైరైన లెక్కల మాస్టారు.

"రిమోట్ నొక్కితే స్టార్టవుతోంది. తాళం పెట్టి తిప్పితే కావట్లేదు," అన్నాడు మాస్టారు. "నిన్న పెట్రోల్ బంకులో దిగి, తలుపులేసి, నా కారు పక్కన నేనే దొంగలా నిలబడి రిమోట్ నొక్కి, మళ్ళీ ఎక్కాను. వెనక ఎనిమిది బళ్ళు. ఎనిమిదీ హారన్ కొట్టాయి."

యజమాని అతని వైపు తిరిగాడు. అంతకుముందే రెండు బళ్ళు తిరిగొచ్చాయి. "మేస్త్రి గారు చూస్తారు. తప్పు నీదని తేలిందో, ఈ పూటే నీ సామాను సర్దుకో," అన్నాడు.

ఆ పని పోతే అతన్ని మళ్ళీ డాష్‌బోర్డు ముట్టుకోనిచ్చేవాడు ఆ ఊళ్ళో లేడు. తీర్పు చెప్పవలసినవాడా, ఎలుక బొమ్మ వేయించుకున్నవాడు.

మేస్త్రి డాక్టరులా అడిగాడు. "రిమోట్‌తో అవుతుందా?"

"అవుతుంది."

"తాళంతో?"

"కాదు."

"రెండో తాళం ఉందా?"

"అది డాష్‌బోర్డు కింద బిగించే రిమోట్ పెట్టెలో పెట్టాలని వీడే తీసుకున్నాడు," అన్నాడు యజమాని.

మేస్త్రి "ఊఁ" అని డాష్‌బోర్డు కిందికి దూరాడు. రిమోట్ పెట్టె ప్లగ్గు ఊడబీకి, "ఇప్పుడు తాళం తిప్పండి మాస్టారూ," అన్నాడు. కారు చక్కగా లేచింది. తప్పెక్కడుందో ఆ క్షణంలోనే అతనికి తెలిసిపోయింది. తాళం తలలో చిన్న చిప్పు ఉంటుంది, దాన్ని గుర్తుపడితేనే కారు లేస్తుంది. పెట్టెలో దాచిన రెండో తాళం రిమోట్ నొక్కినప్పుడే మేలుకోవాలి. తను కలిపిన తీగ వల్ల అది అసలు నిద్రే పోవడం లేదు. మాస్టారు తాళం పెట్టగానే రెండూ ఒకేసారి 'నేనంటే నేను' అంటున్నాయి. కారు ఇద్దరినీ నమ్మడం మానేసింది.

కింద గొణుగుడు ఆగింది. మేస్త్రి కాళ్ళు రెండూ కదిలాయి.

"దొరికింది! ఎలుక!"

"మా కారు మూడో అంతస్తు పార్కింగులో ఉంటుందండీ!" అన్నాడు మాస్టారు.

"లిఫ్టెక్కి ఉంటుంది."

మేస్త్రి పైకొచ్చి అరచెయ్యి చాపాడు. అందులో నీలం తీగముక్క. పంటిగాట్లు తాజాగా ఉన్నాయి. మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని గాట్లు లెక్కపెట్టాడు. "నాలుగు," అన్నాడు.

యజమాని వేలితో ముట్టుకున్నాడు. "తడిగా ఉందేమిటి?"

"ఇప్పుడే కొరికి వెళ్ళింది మరి," అని మేస్త్రి మీసం తుడుచుకున్నాడు.

మాస్టారూ యజమానీ బోను కొనడానికి వెళ్ళారు. వాళ్ళు మలుపు తిరిగాక మేస్త్రి అతన్ని కారులోకి రమ్మని, మెడ పట్టుకుని డాష్‌బోర్డు కిందికి వంచాడు.

"ఆ ఎలుక కనిపిస్తే చెప్పు. ఈ ఎర్ర తీగ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. పెట్టెని దీనికి కలపకూడదు. రిమోట్ నొక్కితేనే మేలుకునే తీగ అదిగో, దానికి కలపాలి."

"చెప్తాను బాబాయ్."

"పనయ్యాక రిమోట్‌తో ఒకసారి, తాళంతో ఒకసారి స్టార్ట్ చేసి చూసుకున్నాకే బండి ఇమ్మను. పుస్తకాలు చదివే ఎలుకే గాని, కాస్త తొందర ఎక్కువ."

ఆ మధ్యాహ్నం అతను థిన్నరు డబ్బా, గుడ్డా పట్టుకుని షట్టరు దగ్గరికి వెళ్ళాడు.

"ఏయ్, ముట్టుకోకు!" అని మేస్త్రి లోపల్నుంచి అరిచాడు. "బొమ్మ వేసినప్పట్నుంచి నా షాపెక్కడని ఎవరూ దారి అడగడం లేదు. నీకంత పశ్చాత్తాపంగా ఉంటే తోక పొడిగించు. పెయింటు మీ షాపులోదేగా?"

అతను జానెడు తోక పొడిగించి వచ్చాడు.

ఆ తరవాత ఆ వీధిలో మేస్త్రి కార్లకి రోగం చెప్తుంటే అతను కార్లని చూడడం మానేసి, మూలల్లో నిలబడ్డ ముఖాలని చూసేవాడు. మేస్త్రి ఎలుక అన్నప్పుడల్లా ఏదో ఒక షాపులో బిగించేవాడెవడో ఊపిరి పీల్చుకునేవాడు. ఊళ్ళో బిగించేవాళ్ళలో సగం మంది ఆ ఎలుక పేరు చెప్పుకునే పని నేర్చుకున్నారు.

ఏళ్ళు గడిచాయి. తాళాలు పోయి బటన్లొచ్చాయి. మేస్త్రి చూపు మందగించి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ షాపు అతనికే అప్పగించాడు. అతను షట్టరుకి కొత్త రంగు వేయించినా బొమ్మ ఉన్నచోట మాత్రం వదిలేయించాడు.

చివరిసారి మేస్త్రి వచ్చినప్పుడు అతను ఒక పాత తాళం కారు డాష్‌బోర్డు కింద ఉన్నాడు. ఎవరో బిగించిన రిమోట్. అదే పాత తప్పు. బిగించినవాడు గుమ్మం దగ్గర రక్తం లేని ముఖంతో నిలబడి ఉన్నాడు. బండి యజమాని చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఎలుకండీ," అన్నాడు అతను లోపల్నుంచి, పైకొచ్చి తీగముక్క చూపించాడు. కత్తెరతో నొక్కిన గాట్లు అవి. బండాయన అనుమానంగా అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి నమ్మి వెళ్ళాడు.

మూల స్టూలు మీద కూర్చున్న మేస్త్రి ఆ ముక్క అందుకుని, వేలితో తడిమి, పెదవి విరిచాడు. తరవాత నోరంతా తెరిచి చూపించాడు. లోపల ఒక్క పన్ను లేదు.

"పనిముట్లతో అయ్యే పని కాదురా ఇది," అన్నాడు. "నావి ఊడిపోయాయి. ఇకమీదట నువ్వే కొరకాలి."