చిన్నప్ప బండికి కొత్త షాకులు

యలహంక పాతపేటలో మా వీధికి ఒక గొప్ప మనిషి ఉన్నాడు. పేరు చిన్నప్ప. ఆయన గొప్పతనం ఏమిటో ఎవరినీ అడగనక్కర్లేదు, ఆయనే చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు. ఆయన పికప్ బండి ఎక్కిన వినాయకుడి విగ్రహం ఇంతవరకు ఒక్కటీ విరగలేదు, తొండం మీద గీత కూడా పడలేదు. బండి వెనక పలక మీద ఎర్ర రంగుతో రాయించుకున్నాడు కూడా: "చిన్నప్ప బండి - వినాయకుడికి భయం లేదు."

నా పేరు సుజాత. ఆయన ఇంటికి ఎదురుగా బట్టలు కుట్టే షాపు నాది. మిషను ముందు కూర్చుంటే ఆ ఇంటి వాకిలి, బండి, మొగుడూ పెళ్లాల మాటలు అన్నీ నా ముందే జరుగుతాయి. వద్దన్నా వినపడతాయి. కాబట్టి ఇందులో నేను సొంతంగా కలిపేది కాస్త కారం మాత్రమే.

మామూలు రోజుల్లో చిన్నప్ప మోసేది షామియానా గుడ్డలు, ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల క్యాన్లు. వినాయక చవితి దగ్గర పడితే మాత్రం ఆయన నడకే మారిపోతుంది. మునినారాయణప్ప షెడ్డులో తయారయ్యే మట్టి విగ్రహాలు ఊరంతా చేరాలి. విరిగిన విగ్రహానికి పూజ చెయ్యరు. చిటికెన వేలు ఊడినా ఎవరూ దించుకోరు. అందుకే మునినారాయణప్ప పెద్ద విగ్రహాలన్నీ చిన్నప్ప బండికే ఎక్కిస్తాడు. ఒక్కటి భిన్నమైందా, ఆ పేరు గంగలో కలుస్తుంది, పండగ పనంతా ఇంకో బండికి వెళ్లిపోతుంది.

ఇందులో చిన్నప్ప ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. అది ఆయన భార్య నంజమ్మ. కాల్చని మట్టి విగ్రహాన్ని తాడుతో బిగించి కడితే రంగు లేచిపోతుంది, అంచులు రాలిపోతాయి. పక్కన ఒక మనిషి కూర్చుని పట్టుకోవాల్సిందే. నంజమ్మ బండి వెనక పాత పరుపు పరుచుకుని, వీపు ఇనప కమ్మీకి ఆనించి, స్వామిని భుజానికి చేర్చుకుని కూర్చుంటుంది. ముందు స్పీడ్ బ్రేకర్ హంప్ కనిపిస్తే గాజుల చేత్తో క్యాబిన్ రేకు మీద ఒక దెబ్బ కొడుతుంది, అంటే నెమ్మది అని. రెండు దెబ్బలైతే ఆపమని. చిన్నప్ప ఆపుతాడు. ఇంటికొచ్చాక వీధి చివర నిలబడి, "ఈ రోడ్లన్నీ నాకు కొట్టినపిండప్పా" అంటాడు.

నంజమ్మకు మాత్రం అది పనే కాదు. ఏడాదంతా పొయ్యి, కొళాయి, ఈ రెండింటి మధ్యే తిరిగే మనిషికి ఊరు చూసే రోజులు అవే. సిగ్నల్ దగ్గర బండి ఆగితే బైకుల వాళ్లు హెల్మెట్ పైకెత్తి మరీ స్వామికి మొక్కుతారు. "నాకే మొక్కినట్టుంటాది సుజాతా" అని ఒకసారి చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

దీనికి చెదలు పట్టించింది ఊరికి ఆ చివర హూడిలో ఉండే అపార్ట్‌మెంట్ రాజగోపాల్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చవితి కమిటీ సెక్రటరీ, విజయవాడ మనిషి. ప్రెషర్ కుక్కర్ కొనాలన్నా ముందు ఊరి వాళ్లందరి అభిప్రాయాలు చదివి, సరిపోల్చి, చివరికి కొనకుండా వదిలేసే రకం. పోయిన ఏడాది విగ్రహం వెనకే కారులో వచ్చి, బండి ఊగడం చూశాడట.

"చిన్నప్పగారూ, మీ సస్పెన్షన్ టోటల్‌గా పోయింది. మార్కెట్‌లో మంచి షాక్ అబ్జార్బర్స్ ఉన్నాయి, అప్‌గ్రేడ్ చేసేయండి. ఆంటీ అలా వెనక కూర్చోవడం సేఫ్టీ కూడా కాదు" అన్నాడు. ఆ తర్వాత ఫోనుకు వీడియోలు పంపడం మొదలుపెట్టాడు. ఎడారిలో ఇసుక దిబ్బల మీద నుంచి ఎగిరి దూకే ట్రక్కులు. చిన్నప్ప వాటిని వాకిట్లో కూర్చుని నోరు తెరుచుకుని చూసేవాడు. యలహంకకు ఎడారి ఒక్కటే తక్కువైంది పాపం.

నిజం చెప్పాలంటే పాత షాకుల పని అయిపోయింది. ఆయిల్ కారిపోయి, బండి మూల మీద చెయ్యేసి నొక్కితే చాలు, అది పడి లేచి, పడి లేచి, చాలాసేపు తల ఊపేది. మార్చాల్సిందే. బండితో పాటు వచ్చిన రకమే మళ్లీ వేయించుకుంటే గొడవ ఉండేది కాదు. కానీ అవి నల్లగా, బుద్ధిగా ఉంటాయి. చిన్నప్పకు అవి కంటికి ఆనలేదు.

టెంపో స్టాండులో అందరినీ అడిగాడు. ఒకడు గ్యాస్‌వి వేయించమన్నాడు, ఒకడు ఆయిల్‌వే దిట్టమన్నాడు, ఇంకొకడు లావుగా ఉండేవి చూసి తీసుకోమన్నాడు. చివరికి నా షాపుకు కూడా వచ్చాడు.

"సుజాతా, బండి తెలుపు గదా, ఎరుపు షాకులు బాగుంటాయా, పసుపా?"

"బ్లౌజు గుడ్డ కాదు కదన్నా, బండి కిందకు దూరి ఎవరు చూస్తారు?" అన్నాను.

"నీకు తెలీదులే" అని వెళ్లిపోయాడు. ఇంతమందిని అడిగినవాడు, ఆ షాకుల మీద ఏళ్ల తరబడి కూర్చున్న ఒక్క మనిషిని మాత్రం అడగలేదు. నంజమ్మ ఆ పక్కనే బియ్యం చెరుగుతోంది.

కె.ఆర్.పురంలో ఓంకార్ అనే అతని షాపుకు కూతురు చైత్ర తీసుకెళ్లింది. చైత్ర అక్కడే ఒక పార్సిల్ కంపెనీకి వ్యాను నడుపుతుంది. నడపడంలో తండ్రి కంటే నయం, ఆ సంగతి తండ్రికి తప్ప అందరికీ తెలుసు. షాపులో జరిగింది ఆ పిల్లే నాకు పూస గుచ్చినట్టు చెప్పింది.

ఓంకార్ మొదట అడిగిన మాట: "మామూలుగా ఏం లోడు ఎత్తుతావప్పా?"

దానికి సమాధానం కుర్చీలు, నీళ్ల క్యాన్లు, ఏడాదికోసారి లోపలంతా డొల్లగా ఉండే మట్టి వినాయకుడు. కానీ షాపులో ఇంకా లారీ వాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు ప్లాస్టిక్ కుర్చీలని చెప్పడానికి చిన్నప్పకు నోరు రాలేదు. మీసం దువ్వి, "ఇళ్ల పునాదికేసే సైజు రాళ్లు. దినామూ. ఫుల్లు లోడు" అన్నాడు.

"నిజం చెప్పప్పా. లోడు లేని బండికి గట్టి షాకులు ఏస్తే ఎగరేసి తంతాయి."

"రాళ్లే అంటాండా గదా!"

చైత్ర మోచేత్తో పొడిచింది. తండ్రి కళ్లురిమాడు. ఓంకార్ ఇంక ఏం చేస్తాడు, అందరికంటే గట్టివి, ఎర్ర రంగువి, రాళ్ల బండికి సరిపోయేవి బిగించి పంపాడు.

వాటిని పరీక్షించడానికి ఎవరి దగ్గరో సైజు రాళ్లు అడుక్కుని నిండా ఎక్కించి మరీ వీధిలో తిప్పాడు. ఒప్పుకోవాలి, బండి నీళ్ల మీద పడవలాగా వెళ్లింది. దిగి, తొడ చరిచినంత పని చేసి, వాకిట్లో ఉన్న నంజమ్మతో అన్నాడు.

"ఇంక నువ్వు బండి ఎక్కబళ్లా. ఇంట్లో ఉండు."

"మరి సామిని యవురు పట్టుకుంటారు?"

"షాకులు!"

నంజమ్మ బండి దగ్గరకు వెళ్లింది. పాత పరుపు చుట్టి అటక మీద పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. మగవాళ్లకు కొత్త సామాను వస్తే ముందు ఇంట్లో ఆడదాని పని తీసేస్తారు, అదీ ఆమెకు ఇష్టమైన పని చూసి మరీ తీసేస్తారు.

చవితికి ముందురోజు మధ్యాహ్నం హూడి వాళ్ల విగ్రహం బయలుదేరింది. స్వామికి పట్టుపంచె నేనే కుట్టాను, కట్టడానికి నన్నూ రమ్మన్నారు. క్యాబిన్‌లో ఎక్కాను. విగ్రహం చుట్టూ కొబ్బరి పీచు మూటలు పెట్టి, పైన టార్పాలిన్ కప్పాడు. వెనక మనిషి లేడు. వీధి మలుపు తిరుగుతూ చూస్తే, నంజమ్మ గడపలో నిలబడి ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి ఉంది.

నాగవార దాటేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. చిన్న గుంట తగిలినా బండి గాడిదలాగా తన్నుతోంది. "అన్నా, ఇదేంది?" అంటే, "కొత్తవి గదా, సెట్ అవ్వాల" అన్నాడు. కె.ఆర్.పురం దగ్గర రంగు వెయ్యని హంప్ ఒకటి వచ్చింది. రేకు మీద దెబ్బ పడలేదు. కొట్టే మనిషి ఇంట్లో ఉంది. బండి ఎగిరి పడింది, వెనక నుంచి 'టక్' మని ఒక చప్పుడు వినపడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర డప్పులు మోగుతున్నాయి, హారతి పళ్లాలు సిద్ధంగా ఉన్నాయి. టార్పాలిన్ తీశారు. డప్పులు ఆగిపోయాయి. స్వామి ముందుకు వాలి ఇనప కమ్మీకి గుద్దుకున్నాడు. దంతం విరిగి పీచు మూట మీద పడి ఉంది.

చిన్నప్ప విరిగిన దంతం చేతిలోకి తీసుకుని అన్నాడు. "ఏకదంతుడే గదా సార్... ముందే ఒకటి ఇరిగిండాది..."

"ఉన్నది ఆ ఒక్కటే కదా చిన్నప్పగారూ. ఇప్పుడు జీరో" అన్నాడు రాజగోపాల్. గమ్‌తో అంటిస్తే ఏమవుతుందని ఎవరో అడిగారు. హారతి పట్టుకున్న ఆడవాళ్లు వాళ్ల నోరు మూయించారు.

విరిగిన విగ్రహంతో, వాడిన మొహాలతో షెడ్డుకు వచ్చాం. మునినారాయణప్ప విరిగిన దంతం చూశాడు. షాకుల వైపు చూడనైనా చూడలేదు. బండి వెనక చూసి, ఒకటే అడిగాడు.

"నంజమ్మ యాడప్పా?"

"ఇంట్లో ఉండాది" అన్నాడు చిన్నప్ప.

"ఇంకొక బొమ్మ ఉండాది. నంజమ్మ బండి ఎక్కితేనే ఇస్తా. లేదంటే ఏరే బండోన్ని పిలుస్తా, ఈ దినమే కాదు, మున్ముందు కూడా."

అంటే షెడ్డు వాళ్లకు తెలుసు, నాకు తెలుసు, సిగ్నల్ దగ్గర మొక్కిన వాళ్లకు కూడా తెలిసే ఉంటుంది. తెలియంది బండి తోలినవాడికే.

ఇంటికొస్తే నంజమ్మ చవితి కడుబులకు, అదే కుడుములకు, పిండి జల్లిస్తోంది. చైత్ర డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. చిన్నప్ప గడపలోనే నిలబడి, "మునినారాయణప్ప నిన్ను రమ్మన్నాడు" అన్నాడు.

"ఆయప్ప రమ్మన్నాడా, నువ్వు రమ్మంటాండావా?"

తలుపు చెక్క గోకుతూ, "నేనే" అన్నాడు.

"వస్తా. యనక కాదు, ముందర కూర్చుంటా. బండి చైత్ర తోల్తాది."

"మరి సామిని యవురు పట్టుకుంటారు?"

"షాకులు" అంది నంజమ్మ, చేతుల పిండి దులుపుకుంటూ.

పరుపు అటక మీద నుంచి ఆయనే దించుకున్నాడు.

ఆ ప్రయాణం నేను జన్మలో మరిచిపోను. చైత్ర స్టీరింగ్ దగ్గర, కిటికీ పక్కన నంజమ్మ, మధ్యలో నేను. వెనక చిన్నప్ప, ఆయన భుజం మీద వినాయకుడు, వాళ్లిద్దరి కింద సైజు రాళ్ల కోసం చేసిన ఎర్ర షాకులు. చైత్ర ప్రతి గుంట దగ్గరా నెమ్మదిగానే తోలింది, అయినా వెనక నుంచి రేకు మీద ఒకటే బాదుడు. నంజమ్మ చెవి పెట్టి వినేది. "ఇది సామి కోసం గాదు, నడుం కోసం కొడతాండాడు. పో." కాసేపాగి, "ఇది సామి కోసం. ఆపు." చైత్ర ఆపేది. ఏ దెబ్బ దేనికో ఆమెకు తెలుసు మరి. సిగ్నల్ దగ్గర జనం మొక్కితే, తిరిగి దండం పెట్టడానికి చిన్నప్పకు చెయ్యి ఖాళీ లేదు.

హూడిలో బండి వెనక పలక దించితే స్వామి దంతంతో సహా చెక్కుచెదరకుండా ఉన్నాడు. చిన్నప్పే లేవలేకపోయాడు. చొక్కా నిండా మట్టి. ఒక భుజం కిందకు జారిపోయింది. ఇద్దరు పట్టి దించారు.

రాజగోపాల్ వంగి బండి కిందకు చూసి మురిసిపోయాడు. "చూశారా, కాస్త రన్ అయ్యేసరికి షాక్స్ సెట్ అయ్యాయి. నేను చెప్పలేదా!"

అవును సార్ అంటే సరిపోయేది. పోయిన పేరు సగమన్నా తిరిగొచ్చేది. ఆయన ఆ మాటే అంటాడని నేను పళ్లు నూరుతూ చూస్తున్నాను. చిన్నప్ప నడుం పట్టుకుని, క్యాబిన్ దిగుతున్న నంజమ్మ వైపు చూశాడు.

"షాకులు గాదు సార్" అన్నాడు గొంతులోనే. "ఇన్నేండ్లూ పట్టుకొనింది ఈమె. నేను సుమ్నే, ఉత్తగా తోలినా, అంతే."

డప్పుల వాళ్లు అప్పుడే మొదలుపెట్టబోతున్నారు. నంజమ్మ చెయ్యెత్తి వాళ్లను ఆపింది.

"గెట్టిగా చెప్పు. యనకుండే వాళ్లకి ఇనపడల్యా."

చిన్నప్ప మళ్లీ చెప్పాడు, ఈసారి అందరికీ వినపడేలా.