కొండ నేర్చుకున్న పేరు

వాదంలో గెలిచి చప్పట్ల మధ్య ఇంటికి పోతూ, ఆ గెలుపు అబద్ధమని మీ ఒక్కరికే తెలిసిన రోజు మీ జీవితంలో ఉందా? నా జీవితంలో ఉంది. ఆ గెలుపును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఇది ఏడుపు కథ కాదు. దానికి బీజం పడిన రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. చిక్కంతా అందులోనే ఉంది. తప్పు చేసిన రోజు అంత ఆనందంగా ఉండవచ్చునా? ఉంది. ఏం చేయను?

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మా మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాలోదే కనుక రాజధాని మా పెరట్లోనే ఉన్నంత గర్వంగా తిరిగేవాళ్లం. మా చర్చా సంఘంలో నేనూ సుబ్బయ్యా జోడీ. అతనిది పలకల దుకాణం. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. దయ్యాల మీద, శకునాల మీద నేను నిప్పులు కురిపించేవాణ్ణి. అతను నిదానంగా లేచి ఒక ప్రశ్న అడిగి కూర్చునేవాడు. మనం చూసింది ఎంత, అనుకున్నది ఎంత అని.

కార్తీకంలో ఒక ఆదివారం ఇద్దరం గిద్దలూరు దాటి నల్లమల అంచుకు వెళ్లాం. అక్కడొక వాగు ఉంది. ఒక ఒడ్డు వెంట అడవిలో ఎక్కి, పైన మడుగు దగ్గర దాటి, రెండో ఒడ్డున దిగితే బయలుదేరిన చోటికే వస్తాం. మరీ కష్టమైన దారేం కాదు, అక్కడక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి, అంతే. మొదట్లోనే కట్టెలమోపుతో ఒక అవ్వ ఎదురైంది.

"యాడికి నాయనా?"

"ఊరికే, అట్ల తిరిగొద్దామని," అన్నాను.

"ఊరికే తిరిగేదానికి అడివికొచ్చినారా? తిన్నది అరగలేదా ఏంది?" అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించింది. "లోపల పేర్లు పెట్టి పిల్చుకోవాకండి. ఓ అంటే ఓ అనుకోండి, చాలు. పేరు ఇంటే కొండ నేర్చుకుంటాది. ఆనక అదే పిలుస్తాది."

"నా పేరు సరిగ్గా పలికేది మా మేనత్తకే రాదు. కొండకేం వస్తాదిలే అవ్వా," అన్నాడు సుబ్బయ్య. అవ్వ కూడా నవ్వింది.

ఆ నడక ఎట్లా చెప్పను! వానలు వెలిసిన అడవి. వెదుళ్ల మధ్య నుంచి పడే ఎండ నీళ్ల మీద తునకలుగా ఆడుతోంది. చెప్పులు చేతబట్టుకుని వాగులోనే కొంత దూరం నడిచాం. చెట్టునే పండిన సీతాఫలాలు తిని, గింజలు ఎవరు దూరం ఊస్తారని పందెం వేసుకున్నాం. మడుగు దగ్గర జొన్నరొట్టెలు విప్పాం. తిన్న తర్వాత, హేతువాదులం కదా, ఎదురుగా ఉన్న కొండకు మా పేర్లు గొంతు చించుకుని అరిచి వినిపించాం. కొండ తిరిగి అప్పజెప్పింది.

"చూడన్నా, పలక కూడా లేకుండా నేర్చుకుందే. ఇట్లైతే నా దుకాణం మూతే," అన్నాడు.

కడుపు పట్టుకుని నవ్వాం. అంత తేలికగా నేను మళ్లీ నవ్వలేదు.

దిగేటప్పుడు అతను ముందున్నాడు. నాకు ఒక కొంటె ఊహ పుట్టింది. బండ చాటున కూర్చుని, చేతులు నోటికి అడ్డం పెట్టి, సన్నని ఆడగొంతుతో పిలిచాను. "సుబ్బయ్యా..."

అతను ఆగాడు. మళ్లీ పిలిచాను. పరుగు తీస్తాడనుకున్నాను. తీయలేదు. వెనక్కి తిరిగి, "ఎవురది?" అంటూ గొంతు వచ్చిన వైపే నడిచి వచ్చాడు. నేను నవ్వు ఆపుకుంటూ గట్టు దిగి, పొదల చాటున అతణ్ణి దాటి ముందుకు పోయి, దారిలో ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాను. అతను బండ చుట్టూ వెతికి దిగి వచ్చాడు.

"నువ్వేమన్నా పిలిచినావా అన్నా?"

"లేదే. ఏం?"

ఆ మాట వేళాకోళానికే అన్నాను. బస్సులో చెబుదామనుకున్నాను. బస్సులో అతను దీర్ఘంగా ఆలోచిస్తుంటే ఇంకాస్త ఆడిద్దామనిపించింది. తర్వాత సంఘం సభ వచ్చింది.

సభలో సుబ్బయ్య లేచాడు. "నన్ను ఎవరో ఆడగొంతుతో పేరు పెట్టి పిలిచినారు. పోయి చూసినా, ఎవరూ లేరు. దయ్యమని నేను అనను. వినలేదని కూడా అనలేను."

నేనప్పుడు నిజం చెప్పవలసింది. చెప్పకపోగా లేచి అతణ్ణి చీల్చి చెండాడాను. భయం మనిషి చెవిలో గొంతులు పుట్టిస్తుందన్నాను. అతను నిదానంగానే అడిగాడు.

"భయపడినోడు వెనక్కి ఎందుకు పోతాడన్నా?"

నేను సభ వైపు తిరిగాను. "పిలిచింది ఆడగొంతు కదా, అందుకు!" అన్నాను. సభంతా గొల్లుమంది. సుబ్బయ్య కూర్చున్నాడు. ఆ తర్వాత సంఘానికి రాలేదు.

ఎందుకు చేశాను? చిలిపి పని బయటపడితే పరువు పోతుందనా? అది కొంత. నా నిప్పుల కంటే అతని ప్రశ్నలే జనానికి నచ్చుతున్నాయన్న కుళ్లు ఇంకొంత కాదా? అవును, అదే ఎక్కువ. ఆ సభలో నేను గెలిచింది అతని మీద కాదు, అతని నిజాయితీ మీద.

బజారులో కుర్రకారు సన్నగొంతుతో అతణ్ణి పిలిచి పారిపోయేవారు. ఇంకో విడ్డూరం వినండి. "చదువుకున్న సుబ్బయ్యకే వినబడిందంట" అని అడవి పల్లెల్లో ఇప్పుడు దయ్యానికి అతణ్ణే సాక్ష్యం చూపుతున్నారు. దయ్యాలను తరిమేస్తానని తిరిగినవాణ్ణి, ఒక కొత్త దయ్యాన్ని పుట్టించి వదిలాను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఇది పత్రికలో అచ్చయ్యేలోగా అతని దగ్గరికి పోతాను. క్షమించమని అడగను, ఆ హక్కు నాకు లేదు. కానీ నేను చాటుగా చెప్పుకుంటే సరిపోదు. అతని పరువు తీసింది పదిమందిలో. ఆ రోజు నవ్వినవాళ్లలో మీరూ ఉంటే, బజారుకు పోయి అతని దుకాణం ముందు నిలబడండి. అతను విన్నది నిజమేనని, అబద్ధమాడింది నేనని, వీధి అంతా వినేటట్టు చెప్పండి.